ఆ వాక్యం బైబిల్లోంచి ఎవరు తీసేసారు? బ్రూస్ మెట్జ్‌గర్ అనే గ్రీక్ మాస్టారు, ఆయన పాఠాంతరాలు

ప్రతి రెండు మూడు నెలలకోసారి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగొస్తుంది, ఎర్ర అక్షరాలు, పైన నాలుగు హెచ్చరిక బొమ్మలు, కింద ఒక లిస్టు. మత్తయి 17:21 లేదు, మార్కు 9:44 లేదు, అపొస్తలుల కార్యములు 8:37 లేదు, కొత్త బైబిళ్ళలోంచి వాక్యాలు తీసేస్తున్నారు జాగ్రత్త అని. నిజంగానే కొత్త ఇంగ్లీష్ బైబిళ్ళు చాలావాటిలో ఆ కార్యములు 8లో 36వ వచనం తర్వాత డైరెక్ట్‌గా 38 ఉంటుంది, కాబట్టి చూసినవాళ్ళకి గుండె ఝల్లుమనడంలో తప్పేం లేదు. దీనికి సరిగ్గా ఎదురు ఫార్వర్డ్ ఇంకోటి ఉంది, అది వేరే గ్రూపుల్లో తిరుగుతుంది, బైబిల్ కాపీల్లో లక్షల తేడాలున్నాయని వాళ్ళ పండితులే ఒప్పుకున్నారు, ఇంక అందులో నమ్మడానికి ఏముంది అని.

తమాషా ఏంటంటే ఈ రెండు వైపుల వాదనల్నీ కొంచెం తవ్వుకుంటూ పోతే చాలాసార్లు ఒకే మనిషి పేరు దగ్గరికి చేరతాం, బ్రూస్ మెట్జ్‌గర్. ఒకరికి ఆయన వాక్యాలు తీయించిన విలన్, ఇంకొకరికి తేడాలు ఒప్పుకున్న సాక్షి. ఆయన అసలు చేసిన పని ఏంటో చూస్తే ఈ గొడవ చాలావరకు విడిపోతుందని నాకనిపిస్తుంది, అందుకే ఇది రాస్తున్నా.

అసలు ప్రతి ఎవరి దగ్గరా లేదు

ముందు మూలం దగ్గర మొదలుపెడదాం. కొత్త నిబంధన పుస్తకాలు మొదట రాసింది గ్రీకులో, ఒకటో శతాబ్దం, మహా అయితే రెండో శతాబ్దం మొదట్లో. పౌలు స్వయంగా చెప్పి రాయించిన ఉత్తరం, లూకా చేత్తో రాసిన సువార్త, ఇవేవీ ఇప్పుడు లేవు. అప్పట్లో రాసేది పపైరస్ మీద, నైలు ఒడ్డున పెరిగే జమ్ములాంటి మొక్కతో చేసిన కాగితం అది, వాడుతుంటే అరిగిపోతుంది, చెమ్మ తగిలితే కుళ్ళిపోతుంది. కాబట్టి దాన్ని చూసి ఇంకోటి, ఆ ఇంకోటి చూసి మరోటి, అచ్చుయంత్రం వచ్చేదాకా సుమారు 1400 ఏళ్ళు అంతా చేతిరాతే.

అలా మిగిలిన గ్రీకు రాతప్రతులు ఇప్పుడు లెక్కకెక్కినవి 5,800 దాకా ఉన్నాయి. ఈ నంబరు విని చాలామంది 5,800 పూర్తి బైబిళ్ళు అనుకుంటారు, కాదు, చాలావాటిలో కొన్ని పుస్తకాలే ఉంటాయి, కొన్ని ఒక్క ఆకు, కొన్ని ముక్క. బాగా పేరున్న ముక్క ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లో ఉంది, సుమారు 9 సెంటీమీటర్ల పొడవు 6 సెంటీమీటర్ల వెడల్పు, అంటే మన ఏటీఎం కార్డుకి అటూ ఇటూ, దాని మీద యోహాను 18వ అధ్యాయంలో పిలాతు ముందు జరిగిన విచారణ కొన్ని లైన్లు. దాన్ని 1935లో అచ్చులో బయటపెట్టినప్పుడు రెండో శతాబ్దం మొదటి సగం అన్నారు, ఇప్పుడు కొందరు అంత ఖచ్చితంగా చెప్పలేం, ఇంకా తర్వాతది కూడా అయ్యుండొచ్చు అంటున్నారు. కొత్త నిబంధన మొత్తం ఒకే పుస్తకంలో దొరికే పాత ప్రతి మాత్రం నాలుగో శతాబ్దంది, సినాయి కొండ దగ్గర సెయింట్ కేథరిన్ మఠంలో దొరికిన సినాయిటికస్. అదే శతాబ్దంది వాటికన్‌లో ఇంకోటి ఉంది, దానికి చివర ఆకులు పోయాయి.

ఇది మనకి కొత్త సంగతి ఏం కాదు. బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చు వేద్దామని తాళపత్రాలు, కాగితం ప్రతులు తెప్పిస్తే ఏ రెండూ ఒకేలా లేవు, పండితుల్ని కూర్చోబెట్టి పోల్చి చూసుకుని 1829లో వేసాడు. ఒకే పద్యం రెండు ప్రతుల్లో రెండు రకాలుగా ఉంటే పాఠాంతరం అంటాం, తర్వాత ఎవరో కలిపింది అయితే ప్రక్షిప్తం అంటాం, అన్నీ పోల్చి మూలానికి దగ్గరగా ఉన్నది తేల్చడాన్ని పరిష్కరణ అంటాం. పూనాలో భండార్కర్ సంస్థ వాళ్ళు మహాభారతానికి ఇదే పని 1966 దాకా చేసారు, వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాసాడు అనే కథ ఉంది చూడండి, మనం చిన్నప్పట్నుంచీ విన్నది, అది తర్వాత చేరింది అని తేల్చి మూలపాఠంలోంచి తీసి అనుబంధంలో పెట్టారు. మెట్జ్‌గర్ చేసిందీ అచ్చం ఈ పనే, కాకపోతే ప్రతి ఆదివారం కోట్లమంది చేతుల్లోకి వెళ్ళే పుస్తకానికి.

రాసేవాడి చెయ్యి ఎక్కడ జారుతుంది

ఈ తేడాలు అన్నీ కుట్ర కాదు, అన్నీ నిద్రమత్తూ కాదు. మొత్తం తేడాలు నాలుగైదు లక్షలు ఉంటాయని అంచనాలున్నాయి, గ్రీకు కొత్త నిబంధనలో ఉన్న మాటలే 1,38,000 దాకా, అంటే మాటల కన్నా తేడాలే ఎక్కువ. వినడానికి భయంగా ఉంటుంది కానీ ప్రతులు వేలల్లో ఉంటే తేడాలు లక్షల్లో ఉండక ఏమవుతాయి, ఒకే ఒక్క ప్రతి మిగిలుంటే తేడా సున్నా వచ్చేది, కానీ అప్పుడు అందులో తప్పు ఉందో లేదో తేల్చే దారే ఉండేది కాదు. వీటిలో చాలాభాగం స్పెల్లింగు, పదాల వరస లాంటివే, అనువాదంలోకి వచ్చేసరికి అసలు కనపడవు.

కనపడేవాటిలో కొన్ని చూద్దాం. మార్కు 9లో "వారి పురుగు చావదు, అగ్ని ఆరదు" అనే మాట 48వ వచనంలో ఉంది. చాలా ప్రతుల్లో అదే మాట 44లోనూ 46లోనూ కూడా ఉంది, పాటలో పల్లవిలాగా. పాత ప్రతుల్లో చివరిది ఒక్కటే ఉంది, కాబట్టి కొత్త బైబిళ్ళు 44, 46 వదిలేసాయి. ఫార్వర్డ్‌లో రెండు వాక్యాలు మాయం అని వస్తుంది గానీ 48లో అదే వాక్యం భద్రంగా కూర్చునుంది అని మాత్రం రాదు. మత్తయి 17:21, ప్రార్థన ఉపవాసం వల్లే ఇలాంటి దయ్యం పోతుంది అన్నది, మార్కు 9:29లోంచి ఇటు వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, రాసేవాడికి మార్కు సువార్త నోటికొచ్చు, ఇదే కథ మత్తయిలో రాస్తుంటే ఆ మాట చెయ్యి మీదకి వచ్చేసింది. ఇంకో చిక్కు కూడా ఉంది, అసలు ఆ మార్కు వాక్యంలోనే "ఉపవాసం" అన్న మాట బాగా పాత రెండు ప్రతుల్లో లేదు. మన ఊళ్ళలో శుక్రవారం ఉపవాస కూటాల్లో ఎక్కువగా ఎత్తే వాక్యం ఇది, అందుకే జనానికి అంత పట్టింపు.

పరలోక ప్రార్థన సంగతి అందరికీ తెలిసిందే, తెలిసినట్టు తెలియదంతే. లూథరన్ చర్చిలోనో బాప్టిస్టు చర్చిలోనో అయితే చివర రాజ్యము, బలము, మహిమ నీవే అని చెప్పి ఆమేన్ అంటారు. ఆర్సీయం, అంటే క్యాథలిక్ వాళ్ళింట్లో జపమాల చెప్తుంటే వినండి, కీడు నుంచి కాపాడమని అడిగి అక్కడే ఆపేస్తారు, వాళ్ళ పూజలో ఆ ముక్క ఉంది కానీ మధ్యలో గురువు ఇంకో ప్రార్థన చెప్పాక వస్తుంది. మత్తయి 6:13 పాత ప్రతుల్లో ఆ చివరి ముక్క లేదు. చర్చిలో ప్రార్థన ముగించేటప్పుడు చెప్పుకునే స్తుతి, చెప్పీ చెప్పీ పుస్తకంలోకి ఎక్కింది. తెలుగునాట రెండు చర్చిల మధ్య ఉన్న ఈ చిన్న తేడా వెనక 1600 ఏళ్ళ నాటి రాతప్రతుల తేడా ఉందన్నమాట.

ఇంకోటి నాకు భలే ఇష్టం. 1 తిమోతి 3:16. పాత గ్రీకు ప్రతుల్లో దేవుడు అనే మాటని పూర్తిగా రాయరు, గౌరవంగా కుదించి తీటా, సిగ్మా అని రెండే అక్షరాలు రాసి పైన గీత పెడతారు. తీటా అంటే సున్నా మధ్యలో అడ్డగీత. ఆ గీత లేకపోతే అది ఒమిక్రాన్, అప్పుడు మాట "ఎవరైతే" అవుతుంది. దేవుడు శరీరంలో కనపడ్డాడా, ఆయన శరీరంలో కనపడ్డాడా అన్నది సున్నాలో ఒక గీత, పైన ఒక గీత మీద ఆధారపడింది. మనకి ద పొట్టలో చుక్క పెడితే థ అయిపోయినట్టే. లండన్‌లో ఉన్న అలెగ్జాండ్రినస్ అనే ప్రతిలో ఆ గీత ఉందని కొందరు, లేదని కొందరు చాలాకాలం కొట్టుకున్నారు, 18వ శతాబ్దంలో వెట్‌స్టైన్ అనే ఆయన ఆ తోలు ఆకుని పరీక్షగా చూసి, అది ఈ పక్కది కాదు, ఆకు వెనక పక్క ఉన్న అక్షరం గీత ఇటు కనపడుతోంది అన్నాడు. మన పాత తెలుగు బైబిల్లో "ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను" అనే ఉంటుంది, అంటే మన వాళ్ళు గీత లేని పాఠమే పట్టుకున్నారు, దాన్ని కుట్ర అని ఏ పాస్టర్ గారూ అన్నట్టు నేను వినలేదు.

46 ఏళ్ళు ఒకే బడిలో

మెట్జ్‌గర్ 1914లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని మిడిల్‌టౌన్‌లో పుట్టాడు. లెబనాన్ వ్యాలీ కాలేజీలో డిగ్రీ 1935లో, తర్వాత ప్రిన్స్‌టన్ సెమినరీ. 1938లో అక్కడే గ్రీకు చెప్పడం మొదలుపెట్టాడు, 1984లో రిటైరయ్యాడు, అంటే 46 ఏళ్ళు ఒకే బడిలో. 1939లో ప్రెస్బిటేరియన్ చర్చిలో పాస్టర్‌గా అభిషేకం కూడా అయింది. ఆ సెమినరీ ప్రెసిడెంటు కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు, 1944లో. బయటికి చూస్తే ఇంత చప్పటి జీవితం ఇంకోటి ఉండదు.

పీహెచ్‌డీ 1942లో, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో, విషయం ఏంటంటే ఒక్క రాతప్రతి. అది కూడా మామూలు సువార్త ప్రతి కాదు, ఏ ఆదివారం ఏ భాగం చదవాలో ఆ వరసలో పేర్చిన చర్చి పఠనాల పుస్తకం. అప్పటిదాకా పండితులు ఇలాంటివాటిని పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు, ఈయన దాన్ని మాట మాటా పోల్చాడు. ఈ రంగంలో ఉద్యోగం అంటే ఇదే, ఒక ప్రతి ముందేసుకుని ఇంకో ప్రతితో అక్షరం అక్షరం చూసుకుంటూ తేడా ఉన్న ప్రతిచోటా రాసుకోవడం. ఎవరైనా నాకు దీని మీద సినిమా తీస్తా అంటే వద్దనే చెప్తా.

స్టూడెంట్లకి మాత్రం ఆయన వేరే రకంగా తెలుసు. 1946లో ఒక సన్నటి పుస్తకం వేసాడు, గ్రీకు కొత్త నిబంధనలో మాటల్ని ఎన్నిసార్లు వచ్చాయో ఆ లెక్కన పేర్చాడు, 500 సార్లకి పైగా వచ్చేవి ముందు, అలా దిగుతూ దిగుతూ 10 సార్లు వచ్చే మాటల దాకా. నిఘంటువు అక్షరక్రమంలో బట్టీ పట్టే బదులు ఎక్కువ పనికొచ్చేవి ముందు నేర్చుకోండి అని. ఇప్పుడు భాషలు నేర్పే యాప్‌లు చేసేది కూడా ఇదే కదా.

ఇక మిగతా భాషలు. గ్రీకు ఒక్కటి వస్తే సరిపోదు, ఎందుకంటే రెండు మూడు శతాబ్దాల్లోనే ఈ పుస్తకాలు లాటిన్‌లోకి, సిరియాక్‌లోకి, కాప్టిక్‌లోకి, తర్వాత ఆర్మేనియన్, జార్జియన్, ఇథియోపిక్, గోతిక్‌లోకి వెళ్ళాయి, ఆ అనువాదకుడి ముందున్న గ్రీకు ప్రతి ఇప్పుడు లేకపోయినా అనువాదంలోంచి దాన్ని ఊహించొచ్చు. కానీ ఎంతవరకు? లాటిన్‌లో గ్రీకులో ఉన్నట్టు ఆర్టికల్ (ఇంగ్లీష్‌లో the లాంటిది) లేదు, కాబట్టి మూలంలో అది ఉందా లేదా అన్న ప్రశ్నకి లాటిన్ సాక్షి జవాబు చెప్పలేదు. 1977లో వచ్చిన ఆయన పుస్తకం నిండా ఇలాంటివే, ఒక్కో భాష దేనికి సాక్ష్యం చెప్పగలదు, దేనికి చెప్పలేదు అని, కొన్ని భాషలకి ఆ భాషా నిపుణుల్నే పిలిచి రాయించాడు. తెలుగుకీ ఆర్టికల్ లేదు, మనదీ లాటిన్ గతే. మనకి మాత్రం మేము, మనం అని రెండున్నాయి, గ్రీకులో ఒకటే, కాబట్టి పౌలు ఆ మాట అన్న ప్రతిచోటా తెలుగు అనువాదకుడు చదివేవాళ్ళని కలుపుకోవాలా వద్దా అని తనే నిర్ణయం తీసుకోవాలి. తెలుగు చూసి గ్రీకు ఊహించబోయేవాడు అక్కడ లేని తేడా చూస్తాడు.

ఒ రాయాలా, ఓ రాయాలా

ఈ పని ఎంత చిక్కో ఒక్క ఉదాహరణతో చెప్పాలంటే రోమా 5:1. మన పాత బైబిల్లో "దేవునితో సమాధానము కలిగియుందము" అని ఉంటుంది, అంటే కలిగి ఉందాం రండి అని పిలుపు. చాలా ఇంగ్లీష్ బైబిళ్ళలో కలిగియున్నాము అని ఉంటుంది, అంటే ఇప్పటికే ఉంది అని. దీని మీద ప్రసంగాలు రెండు రకాలుగా వస్తాయి, సమాధానం మనం తెచ్చుకోవాల్సిందా, ఆల్రెడీ ఇచ్చేసిందా.

గ్రీకులో తేడా ఒక్క అచ్చు. ఇంగ్లీష్ వాళ్ళకి ఇది చెప్పాలంటే తలప్రాణం తోకకొస్తుంది, మనకి లిపిలోనే ఉంది. ఎఖొమెన్ అంటే కలిగియున్నాము, ఎఖోమెన్ అంటే కలిగియుందము. హ్రస్వం ఒమిక్రాన్, దీర్ఘం ఒమేగా, మన ఒ, ఓ లాగానే. చిక్కు ఎక్కడొచ్చిందంటే ఆ రోజుల్లో జనం మాట్లాడే గ్రీకులో ఈ రెండిటి మధ్య తేడా పలుకుబడిలో పోతూ వచ్చింది, రాతలో మాత్రం ఉంది. ఒకడు చదువుతుంటే ఇంకొకడు రాసుకున్నాడనుకోండి, చెవికి రెండూ ఒకటే.

సినాయిటికస్, వాటికన్ ప్రతి, అలెగ్జాండ్రినస్, ఇలా బాగా పాతవన్నీ దీర్ఘమే రాసాయి, మొదటి రెండిటిలో తర్వాత ఎవరో దాన్ని దిద్ది హ్రస్వం చేసారు. ప్రతుల బలం చూస్తే కలిగియుందము గెలవాలి. కానీ పౌలు ఆ భాగంలో ఉపదేశం చేయట్లేదు, జరిగినదాన్ని చెప్తున్నాడు, కాబట్టి సందర్భం చూస్తే కలిగియున్నాము సరిపోతుంది. గ్రీకు పాఠం తేల్చడానికి ఒక కమిటీ ఉండేది, దాని కథ కింద చెప్తా, మెట్జ్‌గర్ ఉన్న ఆ కమిటీలో మెజారిటీ సందర్భం వైపే మొగ్గింది. మెట్జ్‌గర్ రాసిన వివరణలో ఒక ముక్క ఉంది, ఆ ఉత్తరం పౌలు చెప్తుంటే రాసింది తెర్తియు అనే ఆయన, 16:22లో తనే పలకరిస్తాడు, బహుశా పౌలు హ్రస్వమే పలికితే తెర్తియు చెవికి దీర్ఘంలా తోచి అలా రాసుండొచ్చు అని. అంటే అసలు ప్రతిలోనే తప్పు పడి ఉండొచ్చు! అప్పుడు అసలు అంటే ఏది, పౌలు నోట్లోంచి వచ్చిందా, తెర్తియు చేతిలోంచి వచ్చిందా? ఇక్కడికి వచ్చేసరికి నాకు ఆ పూనా వాళ్ళ వినాయకుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, అర్థం కాకుండా రాయొద్దు అని వ్యాసుడు షరతు పెట్టింది ఇందుకే కాబోలు.

ఓట్లేసి తేల్చారా?

అవును, ఓట్లేసే తేల్చారు, ఇది విని చాలామంది నొచ్చుకుంటారు. 1955లో అమెరికన్ బైబిల్ సొసైటీలో యూజిన్ నైడా చొరవతో ఒక కమిటీ మొదలైంది, ప్రపంచంలో అనువాదకులందరికీ పనికొచ్చే గ్రీకు పాఠం తయారు చేయాలని. జర్మనీ నుంచి కుర్ట్ ఆలండ్, స్కాట్లండ్ నుంచి మాథ్యూ బ్లాక్, అమెరికా నుంచి అలెన్ విక్‌గ్రెన్, మెట్జ్‌గర్. 1966లో మొదటి అచ్చు. తర్వాత కార్లో మార్టిని అనే జెసూట్ గురువు చేరాడు, ఆయన తర్వాత మిలాన్ ఆర్చిబిషప్, కార్డినల్ అయ్యాడు. ప్రొటెస్టెంట్లూ క్యాథలిక్కులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒమిక్రాన్ ఒమేగాల గురించి వాదించుకోవడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

ఆ గ్రీకు పుస్తకంలో అనువాదానికి తేడా తెచ్చే 1,440 చోట్లకి పైగా కింద పాఠాంతరాలిచ్చారు, ప్రతిదానికీ ఒక గ్రేడు. ఏ అంటే మాకు సందేహం లేదు, బి అంటే కొంచెం ఉంది, సి అంటే చాలా ఉంది, డి అంటే మాకే గట్టిగా తెలియదు. నాకు ఇందులో నచ్చింది ఆ డి. మేం ఇది అచ్చు వేసాం గానీ మా మీద పూర్తిగా ఆధారపడకండి అని పుస్తకంలోనే రాసుకున్నారు. 1971లో మెట్జ్‌గర్ కమిటీ తరఫున ఈ చోట్లన్నిటికీ, ఇంకో 600 దాకా కలిపి, ఎందుకు అలా తేల్చామో కారణాలతో పెద్ద పుస్తకం రాసాడు.

వాళ్ళు వాడిన సూత్రాల్లో పేరున్నది ఒకటి, రెండు పాఠాల్లో కష్టంగా ఉన్నదే పాతది అయ్యే అవకాశం ఎక్కువ. డీటీపీ చేసే కుర్రాడికి తెలియని మాట తగిలితే తెలిసిన మాటగా మారుస్తాడు గానీ తెలిసినదాన్ని తెలియనిదిగా మార్చడు కదా, అదే లాజిక్కు. పాత కాపీ, వేరు వేరు ప్రాంతాల్లో ఒకేలా కనపడే కాపీ, మిగతా పాఠాలు దేన్నుంచి పుట్టాయో చెప్పగలిగే పాఠం, ఇలా అన్నీ కలిపి చూస్తారు, ఏ ఒక్క సూత్రమూ గుడ్డిగా వాడరు.

అపొస్తలుల కార్యములు 8:37 తీసుకోండి. ఐతియొపీయుడైన నపుంసకుడు బాప్తిస్మం అడిగితే ఫిలిప్పు నమ్మితే పొందొచ్చు అంటాడు, ఈయన యేసు దేవుని కుమారుడని ఒప్పుకుంటాడు. బాగా పాత గ్రీకు ప్రతులు వేటిలోనూ లేదు. కానీ ఐరేనియస్ అనే చర్చి పెద్ద 180 ప్రాంతంలోనే ఆ ఒప్పుకోలు ఎత్తి చెప్పాడు, కాబట్టి ఇది నిన్నగాక మొన్న కల్పించిందీ కాదు. బాప్తిస్మం అప్పుడు అడిగే ప్రశ్న జవాబు ఎవరో పక్కన రాస్తే లోపలికి వచ్చింది అన్నది కమిటీ మాట, ఎందుకంటే మొదట్నుంచీ ఉంటే ఇంత చక్కటి వాక్యాన్ని ఎవరైనా ఎందుకు తీస్తారు? 1516లో మొదటి గ్రీకు కొత్త నిబంధన అమ్మకానికి తెచ్చిన ఇరాస్మస్ తన ముఖ్యమైన ప్రతిలో ఇది లేకపోయినా ఇంకో ప్రతి అంచున రాసి ఉంటే చూసి కలిపాడు, అక్కడ్నుంచి 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ అనే ఇంగ్లీష్ బైబిల్లోకి వచ్చింది. ప్రకటన గ్రంథం చివరి ఆకు ఆయన దగ్గర లేకపోతే ఆఖరి ఆరు వచనాలు లాటిన్‌లోంచి తనే గ్రీకు చేసుకున్నాడు, ప్రెస్సు తొందర అలాంటిది.

మాస్టారు తన తప్పు దిద్దుకున్న చోటు

అన్నిటికన్నా గొడవైన వాక్యం 1 యోహాను 5:7, పరలోకంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకటే అనే మాట. త్రిత్వానికి ఇంత సూటి వాక్యం ఇంకోటి లేదు, అందుకే కింగ్ జేమ్స్ అభిమానులకి ప్రాణం. పాత గ్రీకు ప్రతుల్లో లేదు, లాటిన్ సంప్రదాయంలోంచి వచ్చింది. మన పాత తెలుగు బైబిల్లో కూడా సాక్ష్యమిచ్చేవాళ్ళు ఆత్మ, నీళ్ళు, రక్తం మాత్రమే.

ఇరాస్మస్ మొదటి రెండు అచ్చుల్లో ఇది వేయలేదు, తిట్లు పడ్డాయి, 1522లో మూడో అచ్చులో వేసాడు. దీని మీద ఒక కథ ఉంది, ఒక్క గ్రీకు ప్రతిలో చూపించండి వేస్తా అని ఆయన మాటిచ్చాడని, వెంటనే ఒక ప్రతి పుట్టించి తెచ్చారని. 1964లో వచ్చిన తన ప్రసిద్ధ పాఠ్యపుస్తకంలో మెట్జ్‌గర్ కూడా ఇదే కథ చెప్పాడు, తరాల తరాల స్టూడెంట్లు అక్కడ్నుంచే నేర్చుకున్నారు. తర్వాత 1980లో నెదర్లాండ్స్ పండితుడు హెంక్ యాన్ డి యోంగె ఇరాస్మస్ రాతలన్నీ తిరగేసి అలాంటి మాట ఇచ్చినట్టు ఆధారమే లేదని చూపించాడు. మెట్జ్‌గర్ 1992 అచ్చులో ఆ దిద్దుబాటు వేసాడు. కాపీల్లో చేరిన కథల్ని ఏరే మనిషి పుస్తకంలోకే ఒక కథ చేరింది, ఏరాడు. ఆన్‌లైన్‌లో అయితే ఆ కథ ఇంకా తిరుగుతూనే ఉంది, రెండు వైపులా.

ఒప్పుకోని వాళ్ళు ఏమంటారు

మెట్జ్‌గర్ పద్ధతికి ఎదురు చెప్పేవాళ్ళు అందరూ ఒక బాపతు కాదు, అన్నీ కలిపేసి మాట్లాడటం అన్యాయం. కింగ్ జేమ్స్ తప్ప ఇంకేదీ బైబిల్ కాదు అనేవాళ్ళది విశ్వాసం వాదన, ప్రతుల వాదన కాదు. వాళ్ళు కాకుండా గ్రీకు బాగా వచ్చిన వాళ్ళు కొందరున్నారు, జేన్ హాడ్జెస్, మారిస్ రాబిన్సన్ లాంటివాళ్ళు, వాళ్ళ మాట వేరు. వేల ప్రతుల్లో అత్యధికం ఒక రకం పాఠం చెప్తున్నాయి, గ్రీకు మాట్లాడే చర్చి వెయ్యేళ్ళు అదే చదివింది, మీరు పాతవి అంటున్నవి ఈజిప్టు ఇసకలో ఎండకి కుళ్ళకుండా మిగిలినవి, వాడి వాడి అరిగిపోయిన మంచి ప్రతులు మిగల్లేదు కాబట్టి వాటికి ఓటు లేదా అని. దీనికి అవతల వాళ్ళ జవాబు ఏంటంటే, ఒక్క కాపీని వంద జిరాక్సులు తీస్తే సాక్షులు వందమంది కారు, ఒక్కడే. ఆ అత్యధికంలో చాలావి తొమ్మిదో శతాబ్దం తర్వాత రాసినవి. దీనికి మళ్ళీ జవాబుంది, అవన్నీ ఒక్క కాపీ నుంచే వచ్చాయని మీరు నిరూపించారా అని. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న బలమైందే. ఇంకో గుంపు ఇంగ్లండ్‌లో, కిల్‌పాట్రిక్, ఎలియట్, వీళ్ళు ప్రతుల వయసు పక్కన పెట్టి రచయిత శైలి ఒక్కటే చూడమంటారు.

అనువాదాల మీద కోపం మాత్రం ప్రతుల దగ్గర ఆగదు. 1952లో అమెరికాలో ఆర్ఎస్‌వీ (రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్) అనే ఇంగ్లీష్ బైబిల్ వచ్చినప్పుడు యెషయా 7:14లో కన్యక బదులు యువతి అని పెట్టారని ఒక పాస్టర్ ఆ పేజీ కాల్చేసాడు, బూడిద డబ్బాలో పెట్టి కమిటీ పెద్ద లూథర్ వైగిల్‌కి పంపారు. తర్వాత 1977 నుంచి ఆ కమిటీకి మెట్జ్‌గరే పెద్ద, 1989లో తయారైన కొత్త ఆర్ఎస్‌వీ ఆయన ఆధ్వర్యంలోదే. పూర్వం అనువాదకుల్నే తగలబెట్టేవాళ్ళు, ఇప్పుడు పుస్తకంతో సరిపెడుతున్నారు, నయమే అన్నది ఆయన చమత్కారం.

అన్నిటికన్నా ఆసక్తికరమైన భేదాభిప్రాయం ఆయన సొంత శిష్యుడితో. బార్ట్ ఎర్మన్ ప్రిన్స్‌టన్ సెమినరీలో మెట్జ్‌గర్ కింద 1985లో పీహెచ్‌డీ చేసాడు. మొదట్లో గట్టి నమ్మకస్తుడు, తర్వాత విశ్వాసం వదిలేసి నాకు తెలియదు అనే వైపుకి వచ్చాడు. 2005లో ఎర్మన్ రాసిన ఒక పుస్తకం అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది, లేఖకులు ఎలా మార్చారు అన్న విషయం మీదే, మన రెండో రకం ఫార్వర్డ్‌లకి మూలం చాలావరకు అదే. దాన్ని మెట్జ్‌గర్‌కే అంకితం ఇచ్చాడు. అదే ఏడాది మెట్జ్‌గర్ పాత పాఠ్యపుస్తకం నాలుగో అచ్చు ఇద్దరి పేర్లతో వచ్చింది. ఎర్మన్ ప్రశ్న ఏంటంటే, దేవుడే మాటలు ఇచ్చి ఉంటే వాటిని కాపాడి ఉండేవాడు కదా, అసలు మాటలే మన దగ్గర లేనప్పుడు ఇచ్చాడని ఎలా అనాలి. మెట్జ్‌గర్‌ని అడిగితే జీవితమంతా ఈ తేడాలతో గడిపాక తన విశ్వాసం పెరిగింది గానీ తగ్గలేదు అన్నాడు, ఏ ముఖ్య సిద్ధాంతమూ సందేహంలో ఉన్న పాఠం మీద నిలబడి లేదు అని. తేడాల లిస్టు ఇద్దరిదీ ఒకటే. ఎక్కువ చోట్ల ఏ పాఠం అసలుది అన్నదాంట్లో కూడా వాళ్ళకి గొడవ లేదు. కాబట్టి ఫార్వర్డ్‌లో 4 లక్షలు అనే నంబరు వేసి దాంతో విశ్వాసం నిలబెట్టేద్దాం, పడగొట్టేద్దాం అనుకునేవాళ్ళు ఆ గురుశిష్యుల కేసు ఒకసారి చూడాలి, ఆ నంబరుకి అంత పని చేసే శక్తి లేదు.

యూదా 5, ఓడిపోయిన ఓటు

యూదా పత్రిక చిన్నది, ఒకే అధ్యాయం. 5వ వచనంలో ప్రజల్ని ఐగుప్తులోంచి రక్షించింది ఎవరు? మన తెలుగు బైబిల్లో "ప్రభువు" అని ఉంది. వాటికన్ ప్రతిలో, అలెగ్జాండ్రినస్‌లో "యేసు" అని ఉంది. ఇందాక చెప్పిన కుదింపు గుర్తుందా, ఇక్కడ కూడా రెండు మాటలూ రెండేసి అక్షరాలే, మొదటి అక్షరం ఒక్కటే తేడా, ఒకదాంట్లో కప్పా, ఇంకోదాంట్లో నిలువు గీతలాంటి ఐయోటా.

మోషే కాలంలో యేసు రక్షించాడు అనడం ఎంత వింతగా ఉంది! కష్టమైన పాఠమే పాతది అన్న సూత్రం ప్రకారం యేసు గెలవాలి. కమిటీలో ఎక్కువమంది మాత్రం ఇది కష్టం కాదు, అసాధ్యం అన్నారు, ప్రభువు అనే వేసి పక్కన డి గ్రేడు పెట్టారు. 1971 వివరణ పుస్తకంలో ఆ చోట కింద ఒక చిన్న పేరా ఉంది, సూత్రాల ప్రకారం యేసు అన్నదే తీసుకోవాలి అని, చివర రెండు పొడి సంతకాలతో. ఒకటి విక్‌గ్రెన్‌ది, ఒకటి మెట్జ్‌గర్‌ది. కమిటీ తరఫున ఆ పుస్తకం మొత్తం రాసిన మనిషి, ఓడిపోయిన తన ఓటుని కూడా అందులోనే అలా రాసిపెట్టుకున్నాడు.

2007లో 93 ఏళ్ళ వయసులో ఆయన పోయాడు. 2012లో జర్మనీ నుంచి గ్రీకు పాఠం 28వ అచ్చు వచ్చింది, యాకోబు నుంచి యూదా వరకు ఉన్న పత్రికల్ని కంప్యూటర్ సాయంతో కొత్త పద్ధతిలో మళ్ళీ పోల్చి చూసారు. 2014లో అనువాదకుల అచ్చు కూడా అదే పాఠంతో వచ్చింది. యూదా 5లో ఇప్పుడు అచ్చయ్యేది యేసు.